ఆ అమ్మాయి మీకే చెప్పింది కాబట్టి ఫోన్ మీరే చేయాలి

ప్రశ్న

ఇంగ్లండ్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు తీసేసి ఇస్తున్నాం.

ఆమె ఇక్కడ బీడీఎస్ చదివారు. భర్త ఉద్యోగం మీద ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడ డెంటిస్టుగా పనిచేయాలంటే విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఓఆర్ఈ లాంటి అర్హత పరీక్ష గట్టెక్కాలి. ఆలోగా డెంటల్ నర్స్ డిప్లొమా చేసి, జనరల్ డెంటల్ కౌన్సిల్ (జీడీసీ) రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుని, ఏడాదిన్నరగా ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నారు.

మొన్న మంగళవారం పద్నాలుగేళ్ల అమ్మాయి రెండు ఫిల్లింగుల కోసం వచ్చింది. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. తల్లి, ఆరేళ్ల చెల్లెలు బయట కూర్చున్నారు. కుర్చీ వెనక్కి వాల్చగానే అమ్మాయి మోకాళ్లు దగ్గరికి బిగించి, కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రే కోసం పక్కగదికి వెళ్లినప్పుడు ఈమె "సూదంటే భయమా?" అని అడిగారు. ఆ పిల్ల, "సూది కాదు. ఇలా పడుకోబెడితే అది గుర్తొస్తుంది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మమ్మ ఊళ్లో ఆడవాళ్లు పట్టుకుని కింద కోశారు. దాన్ని సున్నా అంటారు. సెలవుల్లో చెల్లిని కూడా తీసుకెళ్తున్నారు. ఎవరికీ చెప్పొద్దు" అంది. ఈమె కంగారులో "సరే" అనేశారు.

సాయంత్రం డాక్టరుకు చెబితే, "మన పని పళ్లు. మనం చూడలేదు, మనకు తెలీదు. అది వాళ్ల ఆచారం" అన్నారు. క్లినిక్ మేనేజరే అక్కడ సేఫ్‌గార్డింగ్ లీడ్ కూడా, అంటే పిల్లల రక్షణ విషయాలు చూసే బాధ్యురాలు. ఆమె "నాకు వదిలెయ్, నువ్వు ఎవరికీ ఫోన్ చేయకు" అన్నారు. బుధవారం రాత్రి ఈమె మాకు రాశారు. తానే ఫోన్ చేయాలా? మాట తప్పినట్టవుతుందా? ఆ తల్లిని జైల్లో పెడితే పిల్లలేమవుతారు? తన ఉద్యోగం, వీసా మాటేమిటి? ఆ చిన్నపిల్లను ఎవరు ఆపుతారు? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీ ఉత్తరం చూడగానే మీకు రెండు వాక్యాలు మెయిల్ చేశాం: పోలీసుల నంబరు 101కి ఈరోజే ఫోన్ చేయండి, చెల్లెలి ప్రయాణం సంగతి అదే ఫోన్‌లో చెప్పండి. ఎందుకు, ఎలా అన్నది ఇప్పుడు వివరంగా రాస్తున్నాం. మీలాగే అక్కడ డెంటల్ నర్సులుగా పనిచేస్తున్న తెలుగు ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లకూ ఉపయోగపడుతుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నాటి చట్టం ఆడపిల్లల జననాంగాలు కోయడాన్ని (ఇంగ్లీషులో ఎఫ్‌జీఎం అంటారు) నేరంగా చెబుతుంది. 2015లో దానికి సెక్షన్ 5బి చేర్చారు. ఆ ఏడాది అక్టోబర్ 31 నుంచి టీచర్ల మీద, రిజిస్టర్‌లో పేరున్న ఆరోగ్య సిబ్బంది మీద అది ఒక బాధ్యత పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి తనకు ఇది జరిగిందని తన నోటితో చెప్పినా, మీ వృత్తిపనిలో భాగంగా ఆ గుర్తులు మీ కంట పడినా, పోలీసులకు తెలియజేయాలి. జీడీసీ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లందరూ, డెంటిస్టయినా నర్సయినా హైజీనిస్టయినా, దీని కిందికి వస్తారు. కుర్చీకి ఏ పక్క నిలబడ్డామన్న తేడా చట్టానికి లేదు.

మీ విషయంలో మొదటి షరతు పూర్తిగా నెరవేరింది. అమ్మాయికి పద్నాలుగు, చెప్పింది తన గురించే, మీరు పనిలో ఉన్నప్పుడే చెప్పింది. అది ఏడేళ్ల కిందట జరిగినా, వేరే దేశంలో జరిగినా, వాళ్లు ఇంగ్లండ్ రాకముందే జరిగినా తెలియజేయాల్సిన బాధ్యత మారదు.

"సున్నా" అన్న మాట వినగానే అర్థం కాలేదని రాశారు. తెలుగు చెవికి అది అంకె. తూర్పు ఆఫ్రికాలో, అరబ్బీ మాట్లాడే చోట్ల కొందరు ఈ పనికే ఆ పేరు వాడతారు. సోమాలీలో గుద్నీన్ అంటారు, సూడాన్‌లో తహూర్, మన దేశంలో దావూదీ బోహ్రాల్లో ఖత్నా అనో ఖఫ్జ్ అనో అంటారు. పిల్లలు చాలాసార్లు పేరేమీ చెప్పకుండా "నన్ను కోశారు" అని ఊరుకుంటారు. ఏ మాట వాడినా లెక్కలోకి వస్తుంది.

డాక్టరు గారు "మనం చూడలేదు" అన్నది నిజమే. కానీ చూడమని చట్టం మిమ్మల్ని అడగలేదు. డెంటల్ క్లినిక్‌లో ఎవరూ చూడకూడదు కూడా. ఆ పరీక్ష పిల్లల వైద్యంలో, ఇలాంటి కేసుల్లో అనుభవం ఉన్న డాక్టర్లు తర్వాత చేస్తారు. అమ్మాయి మాట నిజమో కాదో తేల్చే పని మీది కాదు. మళ్లీ కనిపిస్తే "ఎవరు కోశారు, అమ్మ అక్కడే ఉందా, ఎంత కోశారు" అని ఆరా తీయకండి. మీరు అందించిన మాటలు ఆ పిల్ల నోట్లోకి వెళ్తే రేపు ఆమె వాంగ్మూలమే బలహీనపడుతుంది. తనంతట తాను చెబితే వినండి, విన్నది విన్నట్టు రాయండి, అక్కడితో ఆగండి.

మేనేజరు మాటలోనే అసలు చిక్కుంది. ఆమె దురుద్దేశంతో అన్నారని అనుకోం. క్లినిక్‌లో మిగతా పిల్లల రక్షణ విషయాలన్నీ నిజంగానే సేఫ్‌గార్డింగ్ లీడ్ ద్వారా వెళ్తాయి, ఆ అలవాటు మీదే ఆమె మాట్లాడి ఉంటారు. ఈ ఒక్క బాధ్యత మాత్రం మనిషి మీద పడుతుంది, క్లినిక్ మీద కాదు. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి తప్పుకోవడానికి లేదు. ఒకే మినహాయింపు ఉంది: ఇదే సంగతిని ఇంకో రిజిస్టర్డ్ ఆరోగ్య ఉద్యోగి ఇప్పటికే పోలీసులకు చెప్పారని నమ్మడానికి మీకు కారణం ఉంటే, మీరు మళ్లీ చెప్పక్కర్లేదు. "నేను చూసుకుంటా" అన్న మాట అలాంటి కారణం కాదు. పోలీసులు ఇచ్చిన రిఫరెన్స్ నంబరు చూపిస్తే అప్పుడు అవుతుంది. అందులోనూ చాలా క్లినిక్‌లలో మేనేజర్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. అలాంటి మేనేజరు తానే ఫోన్ చేసినా మీ బాధ్యత తీరదు.

అందుకని మీ ముందు మూడు దారులున్నాయి.

మేనేజరును కూర్చోబెట్టి, "ఇది నా పేరు మీద వెళ్లాల్సిందట, మీరు పక్కన ఉంటే నేను ఫోన్ చేస్తాను" అనవచ్చు. మాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఆమె గౌరవానికి లోటు రాదు, మీకు సాక్షి ఉంటుంది, క్లినిక్ రికార్డు కూడా ఒక్క తీరుగా ఉంటుంది.

డాక్టరు గారి మనసు మార్చి ఇద్దరూ కలిసి చేయడం రెండోది. ఆయనకు తెలిసింది మీ ద్వారానే కాబట్టి ఈ సెక్షన్ నేరుగా పడేది మీ మీద. అయినా పిల్లల రక్షణ గురించి ఆందోళన ఉంటే కదలాలన్న జీడీసీ ప్రమాణం ఆయనకూ వర్తిస్తుంది. దీంతో చిక్కేమిటంటే ఆయన ఒప్పుకునేదాకా రోజులు గడుస్తాయి.

ఇద్దరూ కాదంటే, మీరు ఒంటరిగా చేసి, చేశానని వాళ్లకు మెయిల్‌లో తెలియజేయడం. క్లినిక్‌లో కొన్నాళ్లు ముఖాలు ముడుచుకోవచ్చు. చట్టం ముందు, కౌన్సిల్ ముందు మాత్రం మీరు నిలబడతారు.

గడువు సంగతి. సంగతి తెలిసిన మర్నాటి పనిదినం ముగిసేలోపు చెప్పడం మంచి పద్ధతి అని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. చట్టం పెట్టిన ఆఖరి గడువు నెల రోజులు. ఆ నెల ఉన్నది మామూలు ఆలస్యానికి కాదు. వెంటనే చెబితే పిల్లకే ముప్పు వస్తుందేమోనని నిపుణులతో మాట్లాడాల్సిన అరుదైన సందర్భాల కోసం పెట్టారు. మీకు మర్నాడు దాటింది. ఎందుకు దాటిందో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి, ఇంక ఆగకండి.

ఫోన్ ఎలా చేయాలి. 101 పోలీసుల అత్యవసరం కాని నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది. రిసెప్షన్‌లో నుంచి చేయకండి, తలుపు మూసుకునే గది చూసుకోండి. అమ్మాయి పేరు, పుట్టినతేదీ, చిరునామా, మీ పేరు, హోదా, క్లినిక్ చిరునామా, మిమ్మల్ని తిరిగి ఏ వేళల్లో పట్టుకోవచ్చో, సేఫ్‌గార్డింగ్ లీడ్ ఎవరో ముందే ఒక కాగితం మీద పెట్టుకోండి. ఇంగ్లీషులో చెప్పాలి కాబట్టి మొదటి నాలుగు వాక్యాలూ రాసుకుని చదివినా తప్పు లేదు. సారాంశం ఇలా ఉంటే చాలు: "నేను రిజిస్టర్డ్ డెంటల్ నర్సును. ఎఫ్‌జీఎం తప్పనిసరి నివేదన కింద ఫోన్ చేస్తున్నాను. పద్నాలుగేళ్ల పేషెంటు తనకు ఇది జరిగిందని ఫలానా రోజు నాతో చెప్పింది. ఆమెకు ఆరేళ్ల చెల్లెలుంది, సెలవుల్లో అదే ఊరికి తీసుకెళ్తారట." అవతలివాళ్లు తడబడితే "మ్యాండేటరీ రిపోర్టింగ్" అన్న మాట మళ్లీ అనండి. అమ్మాయి వేరే పోలీసు పరిధిలో ఉంటే వాళ్లకు కలపమనండి. రిఫరెన్స్ నంబరు తీసుకోకుండా పెట్టేయకండి. అది లేకపోతే మీరు చెప్పినట్టు రేపు చూపించడానికి ఏమీ ఉండదు.

తర్వాత రికార్డు. తేదీ, సమయం, గదిలో ఎవరున్నారు, మీరు అడిగింది ఏమిటి, ఆ పిల్ల అన్న మాటలు ఆమె నోట్లోంచి వచ్చినట్టే. "కింద కోశారు" అంటే అదే రాయండి, దాన్ని వైద్య పరిభాషలోకి మార్చకండి. "పిల్ల బాధపడుతున్నట్టు అనిపించింది" కంటే "మోకాళ్లు బిగించింది, కుర్చీ అంచులు పట్టుకుంది" అని రాస్తే విలువ ఎక్కువ. వివరం మొత్తం క్లినిక్ వారి గోప్య సేఫ్‌గార్డింగ్ ఫైల్లో ఉండాలి. పళ్ల చార్టు తెర మీద కనిపించే చోట పెడితే, వచ్చేసారి తల్లి కుర్చీ పక్కన నిలబడి దాన్ని చదివేస్తుంది. ఇలాంటివి నిజంగా జరుగుతాయి.

ఇక చెల్లెలు. ఇద్దరు పిల్లల్లో తొందర ఎక్కువ ఉన్నది ఈమె విషయంలో. పెద్దపిల్లకు జరిగిపోయింది, చిన్నదానికి ఇంకా జరగలేదు. సెక్షన్ 5బి ఇప్పటికే జరిగినదాని గురించే మాట్లాడుతుంది, జరగబోయేదాని గురించి కాదు. అందుకని చాలామంది 101 చేసి, పని అయిపోయిందనుకుంటారు. చిన్నపిల్ల ప్రమాదం మామూలు పిల్లల రక్షణ దారిలో వెళ్లాలి. వాళ్లు నివసించే చోటి స్థానిక కౌన్సిల్‌లో పిల్లల సంక్షేమం చూసే విభాగం, చిల్డ్రన్స్ సోషల్ కేర్‌కు అదే రోజు ఫోన్ చేసి, రాతలో కూడా పంపాలి. ఇక్కడ మీ మేనేజరు సాయం పూర్తిగా తీసుకోవచ్చు, ఫారాలు, నంబర్లు ఆమె దగ్గరే ఉంటాయి. ప్రయాణం రేపో ఎల్లుండో అని తెలిస్తే 101 కాదు, అత్యవసర నంబరు 999.

అక్క మీద జరిగింది, అదే అమ్మమ్మ, అదే ఊరు, ఇంగ్లండ్ బళ్లకు జులై చివర్లో మొదలయ్యే ఆరు వారాల సెలవులు. సోషల్ వర్కర్లు వెతికే గుర్తులు సరిగ్గా ఇవే. గాయం మానడానికి వ్యవధి ఉంటుందని సెలవుల మొదట్లోనే చేయిస్తారు. పిల్ల బడికి తిరిగొచ్చేనాటికి పైకి ఏమీ కనిపించదు. 2015 జులై 17 నుంచి కోర్టులు ఇలాంటి పిల్లల కోసం రక్షణ ఉత్తర్వులు ఇస్తున్నాయి. పాస్‌పోర్టు అప్పగించమనవచ్చు, దేశం దాటించొద్దనవచ్చు. ఆ ఉత్తర్వును మీరితే అయిదేళ్ల దాకా జైలు. ఆ దరఖాస్తు మీరు పెట్టక్కర్లేదు, స్థానిక కౌన్సిల్ పెట్టగలదు. మీరు చేయాల్సిందల్లా ఆ చిన్నపిల్ల ఉందన్న సంగతి వాళ్ల చెవిన వేయడం.

తల్లికి చెప్పాలా? మామూలుగా అయితే నివేదిస్తున్నామని పిల్లకు, పెద్దవాళ్లకు ముందే చెప్పడం మర్యాద, మార్గదర్శకాలూ అదే అంటాయి. కానీ చెబితే పిల్లకు గానీ ఇంకెవరికైనా గానీ తీవ్రమైన హాని జరుగుతుందనుకుంటే చెప్పకూడదు. ఇక్కడ ప్రయాణం తలపెట్టి ఉంది. మీరు రిసెప్షన్ దగ్గర తల్లిని పక్కకు పిలిచి మంచిమాటగా చెబితే, ఆ టికెట్లు ముందుకు జరగవచ్చు. నోరు జారిందని పెద్దపిల్ల ఇంట్లో దెబ్బలు తినవచ్చు. కాబట్టి మీ అంతట మీరు చెప్పకండి. ఎవరు, ఎప్పుడు చెప్పాలో ఫోన్‌లోనే పోలీసులను, సోషల్ కేర్ వాళ్లను అడగండి, వాళ్ల జవాబు రాసుకోండి. తల్లికి ఇంగ్లీషు రాకపోతే దుబాసీగా ఆ అమ్మాయినో, బంధువులనో పెట్టవద్దని కూడా గుర్తు చేయండి.

మీరు "సరే" అన్న మాట. మీ ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువ తొలుస్తున్నది ఇదేనని కనిపించింది. కంగారులో ఎవరైనా అంటారు. వృత్తి ధర్మం ప్రకారం పిల్లలకు అలాంటి మాట ఇవ్వకూడదు, ఎందుకంటే నిలబెట్టుకోలేం. గోప్యత తప్పానన్న భయం వద్దు. ఈ నివేదిక ఏ గోప్యతనూ ఉల్లంఘించినట్టు కాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ పిల్లకు మీరు ఒక మాట బాకీ ఉన్నారు. ఎప్పుడు చెప్పవచ్చో పోలీసులతో అనుకున్నాక, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు ఇలా అనవచ్చు: "ఆ రోజు నేను సరే అనకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పింది చాలా పెద్ద విషయం, నిన్నూ చెల్లినీ కాపాడగలిగేవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. నువ్వు ఏ తప్పూ చేయలేదు." ఆమెకు కోపం రావచ్చు. రానివ్వండి. చెల్లి పేరు ఎత్తింది ఆ పిల్లే అన్న సంగతి మరిచిపోకండి. ఊరికే చెప్పుకుని ఏడవాలనుకున్న పిల్ల చెల్లి ప్రయాణం మాట తేదు.

తర్వాత ఏమవుతుంది? ఆ రాత్రే తలుపులు బద్దలు కొట్టరు. మామూలుగా పోలీసులు, సోషల్ కేర్, ఆరోగ్య శాఖ వాళ్లు ముందు మాట్లాడుకుంటారు. ఇంటికి ఎవరు వెళ్లాలి, పిల్లలతో ఎవరు మాట్లాడాలి, వైద్యం ఏం కావాలి అన్నవి అక్కడ తేలతాయి. నొప్పి, మూత్రంలో ఇబ్బంది, నెలసరి కష్టాలు, నిద్రలో ఉలికిపాట్లు ఉంటే వాటికి వైద్యం దొరుకుతుంది. బాధితురాలి పేరు ప్రచురించకుండా చట్టం జీవితాంతం కాపాడుతుంది.

తల్లికి ఏమీ కాదని మాత్రం మేం మీకు మాట ఇవ్వలేం. ఈ నేరానికి పద్నాలుగేళ్ల దాకా, తన సంరక్షణలో ఉన్న పిల్లను కాపాడనందుకు ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఇంగ్లండ్‌లో నివసించే పిల్లను విదేశం తీసుకెళ్లి చేయించినా నేరమే. అయితే వాస్తవంలో కేసులు చాలా అరుదు. బ్రిటన్‌లో 1985 నుంచి ఇది నేరంగా ఉన్నా, మొదటిసారి నేరం రుజువైంది 2019లో, రెండోసారి 2023లో. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి: ఆ తల్లికీ చిన్నప్పుడు ఇదే జరిగి ఉండవచ్చు. ఇంటివాళ్ల ఒత్తిడికి ఎదురు చెప్పలేని ఆడవాళ్లకు కోర్టు ఉత్తర్వు ఆసరా అవుతుంది. "నేను తీసుకురాలేను, పాస్‌పోర్టు లాక్కున్నారు" అని అత్తవారికి చెప్పుకోగలుగుతారు. బ్రిటన్ ప్రభుత్వమే ఈ పని నేరమని చెప్పే పత్రం ఒకటి అచ్చు వేసింది. సెలవులకు ఊరెళ్లే కుటుంబాలు బంధువులకు చూపించడానికి దాన్ని వెంట తీసుకెళ్లవచ్చు.

"వాళ్ల ఆచారం" అన్న మాట మన దేశం నుంచి వెళ్లిన డాక్టరు నోట రావడం బాధ కలిగించింది. ముంబయిలో, గుజరాత్‌లో దావూదీ బోహ్రా కుటుంబాల్లో ఏడేళ్ల ఆడపిల్లలకు ఇది జరిగిందని ఆ సమాజపు ఆడవాళ్లే బయటికొచ్చి చెప్పారు. 2017లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది, 2018లో దాన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు. ఇప్పటికీ మన దగ్గర దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. ప్రపంచంలో 23 కోట్లకు పైగా స్త్రీలు, బాలికలు దీని బారిన పడ్డారని 2024లో యునిసెఫ్ లెక్క. ఖురాన్‌లో గానీ బైబిల్‌లో గానీ దీన్ని చేయమని లేదు. అలాగని ఆ దేశాల పిల్లలందరినీ రేపటి నుంచి అనుమానంగా చూడటమూ అన్యాయమే. మీరు కదులుతున్నది పిల్ల ఒంటి రంగు చూసి కాదు, ఆమె అన్న మాట విని.

మీ ఉద్యోగం, వీసా. నివేదించినంత మాత్రాన వీసాకు ఏ ఇబ్బందీ రాదు. "ఫోన్ చేయకు" అన్న ఆదేశం చట్టం ముందు చెల్లదు. ఇలాంటి విషయం చెప్పినందుకు యజమాని మిమ్మల్ని వేధిస్తే, పని నుంచి తీసేస్తే, 1998 నాటి ప్రజాహిత వెల్లడి చట్టం మీకు రక్షణ. మీ ఇండెమ్నిటీ (వృత్తి బీమా) వాళ్లకు ఈరోజే ఒక ఫోన్ చేసి ఉంచండి. ఇలాంటి సలహా ఇవ్వడం కూడా వాళ్ల పనే. అసలు ప్రమాదం చెప్పకపోవడంలో ఉంది. తెలిసి ఊరుకున్నారని జీడీసీకి వెళ్తే ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ విచారణ, అంటే ఈ వృత్తిలో కొనసాగడానికి తగినవారేనా అన్న విచారణ. రేపు ఓఆర్ఈ గట్టెక్కి డెంటిస్టుగా నమోదుకు వెళ్లేది కూడా ఆ కౌన్సిల్ దగ్గరికే.

మిగతా పాఠకులకు కొన్ని ముక్కలు. డిప్లొమా పూర్తికాని ట్రైనీ నర్సులకు సెక్షన్ 5బి వర్తించదు, కానీ విన్నది అదే రోజు లీడ్‌కు చెప్పాలి. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ఈ తప్పనిసరి నివేదన లేదు, అక్కడ పిల్లల రక్షణ పద్ధతుల ప్రకారం వెళ్లాలి. పద్దెనిమిది దాటిన స్త్రీ తన గురించి చెబితే పోలీసులకు చెప్పే ఈ బాధ్యత లేదు. ఆమె ఇష్టం మీద వైద్యసాయం చూపించి, ఇంట్లో ఆడపిల్లలున్నారా అని ఆలోచించాలి. పిల్ల కాక తల్లో అక్కో చెబితే 5బి రాదు, సోషల్ కేర్ దారి ఉంటుంది.

ఆ అమ్మాయికి ఇంకో ఫిల్లింగ్ మిగిలి ఉందన్నారు కదా. అపాయింట్‌మెంట్ రద్దు కానివ్వకండి. రాకపోతే అదే రోజు సోషల్ వర్కర్‌కు చెప్పండి. వస్తే కుర్చీని పూర్తిగా వాల్చకుండా సగంలో ఆపమని డాక్టరును ముందే అడగండి. పై పన్నయితే కష్టం, కింది పన్నయితే చేయవచ్చు. వాల్చేముందు "ఇప్పుడు వెనక్కి వంచుతున్నాం" అని చెప్పండి. ఎడమ చెయ్యెత్తితే అన్నీ ఆపేస్తామని చెప్పండి. ఒకసారి ఊరికే ఎత్తించి, డ్రిల్లూ సక్షనూ నిజంగా ఆపి చూపించండి. కాళ్ల మీద ఎవరూ చెయ్యి వేయొద్దు, ఊరడించడానికైనా సరే.